హనుమకొండ – కరీంనగర్ దారిలో రివాల్వర్: బండిలో ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టొద్దు

ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఇల్లు హనుమకొండలో, గ్రానైట్ క్వారీ కరీంనగర్ వైపు. వారానికోసారి కూలీల డబ్బు పట్టుకొని పోవాలి. లైసెన్సు ఉన్న .32 రివాల్వర్ ఉంది. ఎవరి కంటా పడకుండా, దొంగల పాలు కాకుండా దాన్ని కారులో ఎక్కడ పెట్టుకోవాలి? సీటు కిందనా, గ్లవ్ బాక్సులోనా, డిక్కీలోనా, లేక ఆన్‌లైన్‌లో దొరికే అయస్కాంతం మౌంటుకు తగిలించాలా?

సూటిగా చెప్పాలంటే ఆ నాలుగింటిలో ఏదీ కాదు, అన్నా. బండి నడుపుతున్నంతసేపు రివాల్వర్ మీ నడుముకున్న హోల్‌స్టర్‌లో, చొక్కా కింద ఉండాలి. మీరు దిగితే అదీ మీతోపాటు దిగాలి. దాన్ని తీసుకుపోగూడని చోటికి వెళ్లే పని ముందే తెలిస్తే ఆ రోజు అది ఇంటి బీరువా దాటొద్దు. ఈ రెంటికీ మధ్య అనుకోకుండా వచ్చిపడే అరగంటో గంటో ఉంటుంది చూడండి, దానికోసమే బండిలో బోల్టులతో బిగించిన ఇనుప పెట్టె. రాత్రంతా ఉంచడానికి కాదు, వారమంతా మరిచిపోవడానికి అసలే కాదు. మనిషి లేని కారు తుపాకీకి అన్నిటికంటే బలహీనమైన చోటు. అద్దం పగలగొట్టడానికి పట్టేది కొన్ని సెకన్లే.

ముందు కాగితం సంగతి చూసుకోండి. లైసెన్సులో ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. 2016లో జిల్లాలు విడిపోయాక ఇక్కడ చాలామంది తడబడేది ఈ గడి దగ్గరే. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి అయింది. మీరు ఎల్కతుర్తి దాటి హుజూరాబాద్ మండలంలోకి పోగానే జిల్లా మారుతుంది, పోలీసు కమిషనరేటూ మారుతుంది. లైసెన్సు రాష్ట్రమంతటికీ ఉంటే చింత లేదు. ఒక్క జిల్లా పేరే ఉంటే, అదీ పాత జిల్లా పేరైతే, లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలో అర్జీ పెట్టి సరిచేయించుకున్న తర్వాతే ఆ దారిన పోండి. కాళేశ్వరం వంతెన దాటి సిరోంచ వైపు పోయేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అవతలి గట్టు మహారాష్ట్ర. అఖిల భారత చెల్లుబాటు లేకుండా ఆయుధంతో వంతెన ఎక్కొద్దు.

ఆయుధాన్ని జనంలోకి ఎలా తీసుకుపోవాలో 2016 ఆయుధ నియమాల్లో 32వ నియమం చెబుతుంది. చేతి తుపాకీ అయితే హోల్‌స్టర్ లాంటి దాంట్లో, పూర్తిగా కప్పి, మీ అదుపులో ఉండాలి. బయటికి తీసి చూపించడం, ఊపడం నిషేధం. తప్పితే లైసెన్సే రద్దు కావచ్చు. లైసెన్సు షరతు ఏది మీరినా ఆయుధ చట్టం 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జరిమానా చూస్తే చిన్నదే. లైసెన్సు పోతే మళ్లీ తెచ్చుకోవడం మాత్రం చిన్న పని కాదు.

ఇంకో మాట. ‘బండిలో ఉంది, నా చేతిలో లేదు కదా’ అనేది పనికిరాదు. ఆయుధం మనిషి ఒంటి మీదే ఉండనక్కర్లేదు, దాని మీద అతనికి అధికారం, అదుపు ఉంటే అది అతని స్వాధీనంలో ఉన్నట్టే అని 1972లోనే గుణవంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఫంక్షన్ హాలులో భోజనం చేస్తుంటే బయట కారులో ఉన్న రివాల్వర్‌కు జవాబుదారీ మీరే.

ఇక జనం మామూలుగా పెట్టే చోట్ల దగ్గరికి వద్దాం. ఒక్కొక్కటీ ఎక్కడ దెబ్బ కొడుతుందో తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది.

సీటు కింద వదులుగా పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. సడన్ బ్రేకు వేస్తే నున్నటి రివాల్వర్ మ్యాటు మీద జారి పెడళ్ల దగ్గరికి వస్తుంది. బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే పెడల్ పూర్తిగా దిగదు. వెనక్కి జారితే వెనక సీట్లో కూర్చున్న పిల్లల కాళ్ల దగ్గర తేలుతుంది. పైగా సీటు ముందుకూ వెనక్కూ జరిపే పట్టాల మధ్య, వైర్ల మధ్య ట్రిగ్గరుకు ఏదైనా తగులుకోవచ్చు. 60 కిలోమీటర్ల వేగంలో బండి గుద్దుకొని ఆగిందనుకోండి, వదులుగా ఉన్న ఆ 700 గ్రాముల ఇనుము అదే వేగంతో ముందుకు పోతుంది. నాలుగంతస్తుల మేడ మీది నుంచి కింద పడిన వస్తువు నేలను తాకే వేగం అది.

గ్లవ్ బాక్సుకు చాలా కార్లలో తాళమే ఉండదు. ఉన్నా స్క్రూడ్రైవరుతో లేచిపోయే ప్లాస్టిక్ గొళ్లెం. దొంగ మొదట తెరిచేది దాన్నే. ఇంకో చిక్కు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలు కూడా అందులోనే ఉంటాయి. చెకింగులో ఎస్సై గారు కాగితాలు అడిగినప్పుడు మీరు దాన్ని తెరిస్తే ఆయనకు ముందు కనపడేది రివాల్వర్. ఆ క్షణం ఇద్దరికీ మంచిది కాదు.

డోర్ పాకెట్, సీటు వెనక సంచి, హ్యాండ్ బ్రేకు పక్కన ఉండే పెట్టె గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. తలుపు తీస్తే కనపడతాయి, పిల్లల చేతికి అందుతాయి.

స్టెప్నీ గుంతలో దాస్తే ఎవరికీ తెలియదనుకుంటారు. టైరు పంక్చరైన రోజు ఆ స్టెప్నీని బయటికి లాగేది పంక్చర్ షాపు కుర్రాడు. వానాకాలంలో ఆ గుంతలో చెమ్మ దిగుతుంది, నీళ్లు కూడా నిలుస్తాయి. సెడాన్ కారుకు డిక్కీ వేరుగా ఉంటుంది కాబట్టి కాస్త నయం. స్విఫ్ట్ లాంటి హ్యాచ్‌బ్యాకులకు, స్కార్పియో, ఇన్నోవా లాంటి వాటికి డిక్కీ వేరే గది కాదు, వెనక అద్దం పగిలితే అదీ తెరిచినట్టే.

అయస్కాంతం మౌంటు చూడ్డానికి సినిమా ఫక్కీలో ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద ట్రిగ్గర్ బయటికే ఉండేలా తుపాకీ వేలాడుతుంది. గుంతల రోడ్డు మీద పట్టు వదిలితే నేరుగా పెడళ్ల మీద పడుతుంది. మోకాలు తగిలినా జారుతుంది. కప్పి ఉంచాలన్న నియమానికీ అది పూర్తిగా విరుద్ధం. కొనకండి.

స్కూటీ డిక్కీ, బుల్లెట్ బండి సైడ్ బాక్సు, ట్రాక్టర్ టూల్ బాక్సు ఆలోచనకే రావొద్దు. స్కూటీ సీటు గట్టిగా గుంజితే తాళం లేస్తుంది.

సరే, పెట్టె. మన దగ్గర కారుకోసమే చేసిన మంచి తుపాకీ లాకర్లు దుకాణాల్లో సులువుగా దొరకవు. ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించుకోవచ్చు, ఓ పూట పని. 4 అంగుళాల బ్యారెల్ ఉన్న .32 రివాల్వర్ హోల్‌స్టర్‌తో సహా పట్టాలంటే లోపలి కొలత 25 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు, 7 ఎత్తు సరిపోతుంది. మీ హోల్‌స్టర్ కొలిచి చెప్పండి, వాళ్లను అంచనా వేయనీయొద్దు. రేకు 3 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఉక్కు) ఉండాలి. ఆ లెక్కన పెట్టె మూడున్నర కిలోలు తూగుతుంది. 1 మిల్లీమీటరు రేకుతో చేసినవి స్క్రూడ్రైవరు పెట్టి మూల దగ్గర తిప్పితే విచ్చుకుంటాయి. మూత అంచు పెట్టె లోపలికి దిగేలా చేయించాలి. పైన బోర్లించినట్టు ఉండే మూతకు రాడ్ దూర్చే సందు దొరుకుతుంది. కీలు కూడా లోపలే ఉండాలి. బయట ఉంటే పిన్ను కొట్టేస్తారు.

తాళం విషయంలో వేలిముద్ర దాని జోలికి పోవద్దని నా సలహా. క్వారీలో గ్రానైట్ దుమ్ము అంటిన వేళ్లను, ఎండాకాలం చెమట పట్టిన వేళ్లను అది గుర్తుపట్టదు. మే నెలలో వరంగల్‌లో బయట 44, 45 డిగ్రీలుంటే అద్దాలెత్తిన కారులో 60 దాటుతుంది, డ్యాష్‌బోర్డు మీద 70 దాకా పోతుంది. ఆ వేడికి బ్యాటరీ త్వరగా చస్తుంది, చీకటి పడ్డాక అవసరమైన పూటే తెరుచుకోదు. లీవర్ తాళమో, గొట్టం తాళంచెవి ఉండే తాళమో వేయించండి. ఆ తాళంచెవిని కారు తాళాల గుత్తికి మాత్రం కట్టొద్దు. సర్వీసుకు ఇచ్చినప్పుడు, హోటల్లో పార్కింగ్ కుర్రాడికి ఇచ్చినప్పుడు రెండూ కలిసి పోతాయి. అది మీ మొలతాడుకో, జేబులోని పర్సుకో ఉండాలి.

బిగించడంలోనే అసలు తెలివి ఉంది. పెట్టె ఎంత గట్టిదైనా బిగించకపోతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు, ఇంటికి పోయి తీరిగ్గా కోసుకుంటాడు. డ్రైవర్ పక్క సీటు కింద చోటు ఉంటే అదే మంచిది, బయటికి కనపడదు. కానీ అక్కడ పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఉంటాయి. అవి ఎయిర్‌బ్యాగుకు, సీటుబెల్టు బిగించే యంత్రానికి సంబంధించినవి. వాటిని కదిలించినా, పెట్టె మూల వాటికి ఒరుసుకున్నా డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు లైటు వెలుగుతుంది, గుద్దుకున్న రోజు ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చు. సీటును చివరి దాకా ముందుకూ వెనక్కూ జరిపి, ఎత్తు తగ్గించి, పెట్టె ఎక్కడా వైరును నొక్కడం లేదని టార్చి వేసి చూడండి.

నేలకు రంధ్రాలు వేయించుకునే ముందు బండిని లిఫ్టు మీద ఎత్తి కింది నుంచి చూడాల్సిందే. నేల రేకు కిందుగా బ్రేకు పైపులు, డీజిల్ పైపు పోతాయి. ఎలక్ట్రిక్ కారైతే నేల కింద బ్యాటరీయే ఉంటుంది, దానికి డ్రిల్లు అస్సలు పెట్టొద్దు. సీఎన్‌జీ బండికి డిక్కీలో సిలిండర్ స్టాండు బోల్టులను వాడుకోవడం కూడా తప్పే. చోటు ఖాయమయ్యాక 8 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు, తల కింది వైపు, నట్టు పెట్టె లోపల ఉండేలా బిగించాలి. నట్టు బయట ఉంటే పానాతో విప్పేస్తారు. నేల రేకు పలచన కాబట్టి కింద 50 మిల్లీమీటర్ల వెడల్పు వాషర్లు వేయాలి, లేదంటే గట్టిగా గుంజితే బోల్టు రేకును చింపుకొని వస్తుంది. నట్లు నైలాన్ రింగు ఉన్నవి వాడండి, మామూలువి మట్టిరోడ్డు కుదుపులకు వదులవుతాయి. రంధ్రం అంచుకు తుప్పు పట్టకుండా రంగు, ఆపైన సీలెంటు.

రంధ్రాలు వేయడం ఇష్టం లేకపోతే ఇనుప తీగతాడుతో సీటు కాలికి కట్టే రకం ఉంది. 6 మిల్లీమీటర్ల తీగతాడు బోల్టు కట్టర్‌కు ఒక్క నొక్కుడు. ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. సీటు బిగించిన అసలు బోల్టులను విప్పి వాటికే పెట్టె తగిలించడం కొందరు చేస్తారు. ఆ బోల్టులు మీ ప్రాణాన్ని సీటుకు పట్టి ఉంచేవి. కంపెనీ చెప్పిన బిగువుతో టార్క్ పానా పెట్టి బిగించగలిగినవాళ్లు తప్ప వాటిని ముట్టొద్దు.

పెట్టె లోపల మామూలు స్పంజి అతికించకండి, అది చెమ్మను పీల్చి పట్టుకుంటుంది. చెప్పుల అడుగుకు వాడే ఈవీఏ షీటు 5 మిల్లీమీటర్లది నయం. బంక వాసన పూర్తిగా పోయాకే ఆయుధం పెట్టాలి. సిలికా జెల్ 50 గ్రాముల పొట్లం ఒకటి వేయండి. నారింజ రంగుది తీసుకుంటే చెమ్మ పట్టగానే ఆకుపచ్చకు మారుతుంది, అప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ నారింజ అవుతుంది.

పెట్టె కుదిరింది. ఇప్పుడు దాంట్లో ఎలా పెడతారన్నది చాలా పైలంగా చూసుకోవాల్సిన పని. కారులో పొరపాటున పేలేది ఎక్కువగా ఈ మార్చే క్షణంలోనే. ఇరుకు సీటు, పొట్ట మీద బెల్టు, ఒక చేతిలో ఫోను, నడుము నుంచి రివాల్వర్ లాగుతుంటే చొక్కా కొస ట్రిగ్గర్ గార్డులో దూరుతుంది. అందుకే రివాల్వర్‌ను హోల్‌స్టర్‌లోంచి తీయొద్దు. హోల్‌స్టర్‌తో సహా బెల్టు నుంచి విడదీసి, అలాగే పెట్టెలో పెట్టాలి. ట్రిగ్గర్ ఒక్కసారి కూడా బయటికి రాకూడదు. దీనికి క్లిప్పుతో తగిలే గట్టి హోల్‌స్టర్ కావాలి. బెల్టు మొత్తం విప్పితేనే ఊడివచ్చే రకమైతే పార్కింగులో ప్యాంటు సర్దుకుంటూ పదిమంది కళ్లలో పడతారు. మెత్తటి తోలు హోల్‌స్టర్ నోరు కాలం గడిచేకొద్దీ ముడుచుకొని, రివాల్వర్ లోపలికి తోసేటప్పుడు ఆ మడతే ట్రిగ్గర్‌ను నొక్కే అవకాశం ఉంది. అలా వదులైతే మార్చేయండి.

తూటాలు పార్కింగులో నింపడం, తీయడం చేయొద్దు. మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీ .32 బ్యారెల్ వంచితే తూటాలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. సీట్లో కూర్చొని ఆ పని చేస్తే ఒకటి జారి సీటు పట్టాల్లో పడుతుంది, అది దొరకడం గగనం. నింపడం, ఖాళీ చేయడం ఇంట్లో, పిల్లలు లేని గదిలో, ఇసుక నింపిన బకెట్టు వైపు బ్యారెల్ పెట్టి చేయాలి. సుత్తి (హ్యామర్) కిందికి వచ్చే తూటా గది ఖాళీగా వదిలి ఐదే నింపడం పాత అలవాటు, మంచి అలవాటు. రక్షణ అవసరం లేని ప్రయాణమైతే, అంటే రిపేరుకో, రెన్యువల్‌కో తీసుకుపోతుంటే, పూర్తిగా ఖాళీ చేసి తూటాలు వేరే డబ్బాలో పెట్టండి.

ఎక్కడ మారుస్తారన్నది కూడా చూసుకోండి. పార్కింగులో బండి ఆపాక కిందికి వంగి ఏదో పెట్టి, దిగి, మళ్లీ ఓసారి వెనక్కి తిరిగి చూసి పోయే మనిషిని గమనించేవాళ్లు ఉంటారు. హనుమకొండ చౌరస్తాలో, ఏనుమాముల మార్కెట్ దగ్గర, హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్ల బయట డబ్బు సంచుల కోసమే కళ్లు వేసుకొని కూర్చునేవాళ్లు ఉంటారనుకునే మసలుకోండి. గమ్యానికి ఒకటి రెండు కిలోమీటర్ల ముందే, మనుషులు లేనిచోట బండి పక్కకు తీసి మార్చేసుకోవాలి. అక్కడికి చేరాక దిగడం, తాళం వేయడం, నడిచిపోవడం, అంతే. డబ్బు సంచీ, రివాల్వర్ ఒకే దాంట్లో ఉండొద్దు. టైరు పంక్చరైందని పిలవడం, బండి పక్కన పది రూపాయల నోట్లు పడేయడం, బానెట్ కింద ఆయిల్ పోసి ‘సార్, లీకవుతోంది’ అనడం పాత ఎత్తులే. మీరు దిగి వంగిన క్షణంలో అవతలి తలుపు నుంచి సంచీ పోతుంది. ఆ సంచీలోనే తుపాకీ ఉంటే ఆ రాత్రి ఒక దొంగ సాయుధుడయ్యాడన్న మాట.

కనపడకుండా ఉండటమంటే నల్ల ఫిల్ము వేయించుకోవడం కాదు. 2012లో సుప్రీంకోర్టు వాటిని ఆపేయించింది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు పోవాలన్నది నిబంధన. నల్లద్దాల బండినే పోలీసులు ముందు ఆపుతారు. వెనక అద్దం మీద తుపాకీ బొమ్మ స్టిక్కర్, సీటు మీద ఖాళీ హోల్‌స్టర్, డ్యాష్‌బోర్డు మీద ఖాళీ తూటాల డబ్బా, ఇవన్నీ ‘ఇందులో వెతుకు’ అని దొంగకు రాసిచ్చిన చీటీలు. స్టేటస్‌లో ఫోటో పెట్టడమూ అంతే.

నడుపుతున్నప్పుడు హోల్‌స్టర్ కుడి నడుముకు ఉంటే మన కార్లలో సౌకర్యం. డ్రైవర్ సీటుబెల్టు కుడి భుజం మీదుగా వచ్చి ఎడమ పక్క తగులుకుంటుంది కాబట్టి కుడివైపు బక్కిల్ ఉండదు. ఎడమచేతి వాటం వాళ్లకు బక్కిల్, పిడి ఒకే చోట పడతాయి, బెల్టు తీసేటప్పుడు చొక్కా పైకి లేచి పిడి బయటపడుతుంది. పెట్రోల్ బంకులో కిటికీలోంచి కార్డు అందించేటప్పుడు కూడా కుడి చొక్కా అంచు లేస్తుంది. ఒక సైజు వదులు చొక్కా, టక్ చేయకుండా.

ఎండ గురించి ఒక భయం ఉంది, కారులో తూటాలు వాటంతటవే పేలతాయని. 70 డిగ్రీలకు పేలవు. కానీ వేసవంతా రోజూ ఆ వేడికి కాగితే లోపలి మందు మెల్లగా పాడవుతుంది, కాల్చినప్పుడు బలహీనంగా వెళ్లడమో, అసలు పేలకపోవడమో జరుగుతుంది. ఆయుధానికి పూసిన నూనె వేడికి పలచబడి కిందికి కారిపోతుంది, లోహం బోడిగా మిగులుతుంది. వెంటనే వచ్చే ఆషాఢం తేమకు తుప్పు పట్టేది అక్కడే. తోలు హోల్‌స్టర్‌లో రోజుల తరబడి ఉంచితే చెమట, తోలులోని లవణాలు కలిసి బ్యారెల్ మీద గోధుమరంగు మచ్చలు వేస్తాయి. వానలో తిరిగిన రోజు ఇంటికి రాగానే పొడిబట్టతో తుడిచి, పలచగా నూనె పట్టించండి. తూటాలకు మాత్రం నూనె అంటనీయొద్దు, స్ప్రే అసలే కొట్టొద్దు. తూటా అడుగున ఉన్న టోపీ (సుత్తి దెబ్బకు మందును అంటించే ప్రైమర్) అంచుల్లోంచి లోపలికి దిగి దాన్ని చంపేస్తుంది.

తీసుకుపోగూడని చోట్లు ముందే రాసిపెట్టుకోండి. జాతర, మతపరమైన ఊరేగింపు, బహిరంగ సభ, విద్యాసంస్థ ఆవరణ, ఇవి లైసెన్సు షరతుల్లోనే ఉన్నాయి. అంటే మేడారం జాతరకు, వినాయక నిమజ్జనానికి ఆయుధం వద్దు. కాకతీయ యూనివర్సిటీ, నిట్ ఆవరణల్లోకి బండి పోతే అందులో పెట్టెలో ఉన్నా వద్దు, గేటు బయటే ఆగాలి. కోర్టుకు పోయే రోజు ఇంట్లోనే వదలండి. దావత్ ఉన్న రోజు సంగతి చెప్పక్కర్లేదు. మందు ముట్టేది ఉంటే తుపాకీ ముట్టొద్దు. పెళ్లిలో గాల్లోకి కాలిస్తే ఆయుధ చట్టం 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ పోగూడదు. లైసెన్సు ఉన్నా సరే. పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వైపు, జన్నారం దగ్గర కవ్వాల్ వైపు, పాకాల వైపు పనులున్నవాళ్లు ఈ సంగతి అటవీశాఖ కార్యాలయంలో ముందే తేల్చుకోవాలి. ఆ దారుల్లో అటవీ చెక్‌పోస్టులు ఉంటాయి, పోలీసు తనిఖీలూ ఉంటాయి. ‘నాకు తెలియదు’ అనేది అక్కడ నడవదు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆయుధాలు ఠాణాలో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయమని ఆదేశం వస్తుంది, పంచాయతీ ఎన్నికలకు కూడా. రసీదు తీసుకొని దాచుకోండి.

పోలీసులు బండి ఆపినప్పుడు చేయాల్సింది ఇది. ఇంజిన్ ఆపి, రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి. వాళ్లు అడగకముందే మామూలు గొంతుతో, ‘సార్, నా దగ్గర లైసెన్సున్న రివాల్వర్ ఉంది, కుడి నడుముకు ఉంది. లైసెన్సు చొక్కా జేబులో ఉంది, తీయమంటారా?’ అనాలి. వాళ్లు సరే అన్నాకే చేయి కదపాలి. ఆయుధాన్ని మీరుగా తీసి ఇవ్వబోకండి, వాళ్లు ఎలా చెబితే అలా. ఆయుధ చట్టం 19వ సెక్షన్ కింద లైసెన్సు చూపమని అడిగే అధికారం వాళ్లకు ఉంది. అసలు లైసెన్సు దగ్గర ఉండాలి, ఫోన్‌లో ఫోటో దానికి బదులు కాదు. తూటాలు లైసెన్సులో రాసిన సంఖ్యకు మించి ఒక్కటి కూడా ఉండొద్దు.

డ్రైవర్‌ను పెట్టుకున్నవాళ్లు చేసే పెద్ద తప్పు, రివాల్వర్ పెట్టెలో ఉండగానే ‘బండి సర్వీసుకు ఇచ్చి రా’ అని పంపడం. లైసెన్సు లేని మనిషి ఆయుధం మోయడానికి ఆయుధ చట్టం 3వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు చాలా ఇరుకు. లైసెన్సుదారు పక్కనే ఉండాలి, లేదా అతని రాతపూర్వక అనుమతి ఉండాలి. అదీ రిపేరుకో, రెన్యువల్‌కో, లైసెన్సుదారు వాడకానికో మాత్రమే. డీజిల్ కొట్టించడానికి పంపడం అందులోకి రాదు. దారిలో చెకింగ్ జరిగితే అక్రమ ఆయుధం కేసు పడేది ఆ పిల్లగాని మీద, షరతు మీరినందుకు మీ మీద. మీరు దిగిపోయి అతన్ని బండితో ఎక్కడికి పంపినా ముందు పెట్టె ఖాళీ కావాలి.

డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ ఉన్నవాళ్లకు రెండు మాటలు. ఫోరెండ్ (బ్యారెల్ కింద ఉండే చెక్క పట్టు) తీసి, బ్యారెల్ విడదీసి, మూడు భాగాలూ కవర్లో వేయండి. అప్పుడు పొడవు తగ్గి వెనక సీట్ల వెనకాల అడ్డంగా పడుతుంది, పైనుంచి దుప్పటి కప్పితే కనపడదు. తూటాలు వేరే సంచిలో, వేరే చోట. విడదీసిన తుపాకీని కూడా బండిలో రాత్రి వదలొద్దు. అడవి పందుల కోసమని పొలానికి తీసుకుపోయేవాళ్లు, పంటరక్షణ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదని గుర్తుంచుకోండి. ఆ అనుమతి విడిగా తీసుకోవాలి.

ఒకవేళ బండి అద్దం పగిలి పెట్టె పోయి ఉంటే, బండిని ముట్టుకోకుండా వెంటనే 100కో 112కో ఫోన్ చేసి, దగ్గరి ఠాణాలో ఫిర్యాదు ఇవ్వండి. ‘ముందు మనమే వెతుకుదాం, పరువు పోతుంది’ అని ఒక పూట ఆగితే ఆ పూటలో దానితో జరిగే నేరానికి మీరు సంజాయిషీ చెప్పుకోవాలి. పోయిన వెంటనే తెలియజేయాలన్నది లైసెన్సు షరతే. ఆయుధం నంబరు, బోరు, లైసెన్సు నంబరు, యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), పోయిన తూటాల లెక్క, చివరిసారి చూసిన వేళ ఫిర్యాదులో రాయాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచుకోండి, ఆ గాబరాలో ఏదీ గుర్తుకురాదు. ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి లైసెన్సు ఇచ్చిన అధికారికి విడిగా రాతపూర్వకంగా తెలపండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

బండి అమ్మేటప్పుడు పెట్టె విప్పించి, రంధ్రాలు రబ్బరు బిరడాలతో మూయించండి. సీట్లు పూర్తిగా వెనక్కి తోసి పట్టాల సందులు, కార్పెట్ అంచుల కింద, స్టెప్నీ గుంత టార్చి వేసి చూడండి. ఎప్పుడో జారిన ఒక్క తూటా కొన్నవాడికి దొరికితే అతనికి లైసెన్సు ఉండదు, అది వచ్చింది మీ బండిలోంచే. ఇంట్లో ఉన్న తూటాలు లెక్కపెట్టి, కొన్నవాటిలోంచి కాల్చినవి తీసేస్తే ఎన్ని మిగలాలో సరిచూసుకున్నాకే తాళాలు చేతికివ్వండి.